భార్యకుంది, అమ్మకుంది, అమ్మాయికుంది.. నాన్నకి మాత్రం లేదట! (లీజియన్ ఆక్సిలరీ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి)

గుంటూరుకారం_ఒహాయో
మా అబ్బాయి అమెరికా ఆర్మీలో చేరి రెండేళ్ళు దాటింది. నిరుటి నుంచి కొరియాలో, క్యాంప్ హంఫ్రీస్‌లో ఉన్నాడు. మా ఇంటి ముందు కిటికీలో నీలి నక్షత్రం ఉన్న చిన్న బ్యానర్ (ఇంట్లోవాళ్ళు సైన్యంలో ఉన్నారని గుర్తు) కట్టాం, పైన మామిడాకుల తోరణం, కింద అది. దాన్ని చూసి మా వీధి చివర ఉండే పెద్దావిడ తలుపు కొట్టింది. అమెరికన్ లీజియన్ (సైన్యంలో పనిచేసినవాళ్ళ సంఘం) వాళ్ళ ఆక్సిలరీలో, అంటే అనుబంధ సంఘంలో ఉందట. మాజీ సైనికుల కోసం, ఊరి కోసం ఏవో సేవలు చేస్తారట, కుటుంబాల సంఘం, మీరంతా రండి అంది. సరే కదా అని ఇంటిల్లిపాదీ తయారై వెళ్ళాం.

ఫారాలిచ్చారు. మా ఆవిడ సైనికుడి తల్లి, ఓకే. మా అమ్మ నాయనమ్మ, ఓకే. మా పెద్దమ్మాయి అక్క, ఓకే. నేను జేబులోంచి పెన్ను తీశానో లేదో ఆవిడ ఎంతో మర్యాదగా "తండ్రులకి లేదండీ" అనేసింది. మగవాళ్ళకి సన్స్ ఆఫ్ ది అమెరికన్ లీజియన్ ఉందిగా అన్నాను. అది సైనికుల కొడుకులకీ మనవళ్ళకీ అట. మా నాన్న పొగాకు కంపెనీలో గుమాస్తా, తుపాకీ ఎప్పుడూ పట్టలేదు. మా అమ్మ అయితే ఫారం మీద సంతకం పెడుతూ "నువ్వెళ్ళి కాఫీ పట్రా" అంది.

ఇంతకీ ఈ రూలు నిజమేనా, లేక ఆవిడేమైనా పొరబడిందా? ఇంకోటి, ఈ సంఘాల్లో మన తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా? అక్కడ చేసే పనేంటి? మా ఆవిడ ఇక్కడే ఉంది, నా భుజం మీంచి చదువుతోంది, జాగ్రత్తగా రాయండి.

మల్లెపూలు_డేటన్
నిజమేనండీ. నేను ఆక్సిలరీలో కొన్నేళ్ళుగా ఉన్నాను (మా ఆయన ఎయిర్‌ఫోర్స్). లీజియన్ 1919లో పెట్టారు, అదే ఏడు ఆడవాళ్ళ కోసం ఆక్సిలరీ కూడా. తల్లి, నాయనమ్మ, అమ్మమ్మ, అక్కచెల్లెళ్ళు, భార్య, కూతుళ్ళు, మనవరాళ్ళు. 1932లో కొడుకుల కోసం ఇంకోటి వచ్చింది. 2019లో ఆడ సైనికుల భర్తల్ని కూడా ఆక్సిలరీలో చేర్చుకోవచ్చని మార్చారు. తండ్రులు ఈ మూడింట్లో ఎక్కడా ఇమడరు.

వరంగల్_పోరడు
అన్నా నువ్వు ఫస్ట్ పోయి బేసిక్ ట్రైనింగ్ చెయ్. అప్పుడు డైరెక్ట్ లీజియన్ మెంబరే 😂

గుంటూరుకారం_ఒహాయో
వయసు యాభై నాలుగు, మోకాలు ఎనభై. తీసుకుంటారంటావా తమ్ముడూ.

సీమ_బిడ్డ
నాకొక డౌటు. మెంబర్‌షిప్ లేకపోతే ఏమాయె? సేవ చెయ్యాలంటే కార్డు ఎందుకప్పా? పోయి పని చేస్తే వద్దంటారా?

ఎఫ్‌వన్_నుంచి_ఫోర్ట్‌దాకా
అందరూ ఒక్క నిమిషం ఆగండి. గుంటూరుకారం గారూ, మీ అబ్బాయి కొరియాలో ఉన్నాడన్నారు, అవునా? ఎన్నాళ్ళయింది?

నేను మాజీ సైనికుణ్ణి. స్టూడెంట్ వీసా మీద వచ్చి, అప్పట్లో మావ్నీ అని ఒక ప్రోగ్రాం ఉండేది, కొన్ని భాషలు వచ్చినవాళ్ళనీ వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళనీ గ్రీన్‌కార్డు లేకున్నా తీసుకునేవాళ్ళు, అందులో చేరాను. (2016 నుంచి కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు, దాని గురించి మెసేజ్‌లు పెట్టకండి ప్లీజ్.)

లీజియన్ వేరు, వీఎఫ్‌డబ్ల్యూ వేరు. వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్. లీజియన్‌కి ఫెడరల్ యాక్టివ్ డ్యూటీ ఒక్కరోజు చేసినా చాలు, 1941 డిసెంబర్ 7 నుంచి ఇప్పటిదాకా ఎప్పుడైనా సరే. వీఎఫ్‌డబ్ల్యూకి బయటి దేశంలో, యుద్ధ ప్రాంతంలో చేసి ఉండాలి. అయితే కొరియాకి ప్రత్యేకంగా ఒక రూలుంది. అక్కడ వరసగా 30 రోజులు గానీ, విడివిడిగా 60 రోజులు గానీ పనిచేస్తే వీఎఫ్‌డబ్ల్యూకి అర్హత వచ్చేస్తుంది. అక్కడి యుద్ధం ఒప్పందంతో ముగియలేదు, 1953లో కాల్పులు ఆపారంతే.

ఇక అసలు సంగతి. వీఎఫ్‌డబ్ల్యూకి కూడా ఆక్సిలరీ ఉంది. 1914 నుంచి ఆడవాళ్ళదే, 2015 నుంచి మగవాళ్ళని కూడా తీసుకుంటున్నారు. తండ్రులు, తాతలు, అన్నదమ్ములు, అందరూ. పదహారేళ్ళు నిండి, అమెరికా పౌరులై ఉండాలి. మీకు సిటిజన్‌షిప్ ఉంటే పెన్ను మళ్ళీ బయటికి తీయండి.

గుంటూరుకారం_ఒహాయో
బాబూ నీ నోట్లో చక్కెర పొయ్య. సిటిజన్‌షిప్ ఎప్పుడో వచ్చింది. వాడు అక్కడికెళ్ళి ఏడాది కావస్తోంది. ఇప్పుడే మా ఆవిడకి చదివి వినిపించా. "అయితే ఇంట్లో రెండు పార్టీలన్నమాట" అంటోంది.

వరంగల్_పోరడు
అత్తాకోడళ్ళు ఒక పార్టీల, నువ్వొక్కడివే ఇంకో పార్టీల. గెలుస్తవా అన్నా 😂😂

నిజం_చేదు
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటాను. వీటిల్లో సేవ పావలా, బారు ముప్పావలా. మా ఊళ్ళో పోస్టుకి (స్థానిక శాఖని అలా అంటారు) ఒకసారి వెళ్ళాను. చీకటి హాలు, బీరు వాసన, గోడనిండా జెండాలు, డెబ్భై దాటిన పెద్దమనుషులు, నా మొహం చూసి "ఎవరికోసం వచ్చావ్" అన్నారు. మీటింగు ప్రార్థనతో మొదలు. లీజియన్ ఆశయ ప్రకటన మొదటి ముక్కే దేవుడి కోసం, దేశం కోసం అని. ఏ దేవుడో మనకి తెలుసుగా. మనం వెళ్ళి అక్కడ పాప్‌కార్న్ అమ్మి పెట్టడమెందుకు? మన గుళ్ళో వడ్డనకే మనుషులు చాలట్లేదు.

దేశభక్తి పేరు పెట్టుకున్న ఏ సంఘమైనా చివరికి తేలేది ఎవరు మనవాళ్ళు, ఎవరు కాదు అనే దగ్గరే. అది ఇండియాలోనైనా ఇక్కడైనా.

మల్లెపూలు_డేటన్
బారు సంగతి కాదనను, కొన్ని పోస్టుల్లో అంతే. ఆ బారు డబ్బుతోనే బిల్డింగు కరెంటు బిల్లు కట్టే పోస్టులూ ఉన్నాయి. కానీ ఆక్సిలరీ పని బారులో జరగదండీ. నేను చేసింది చెప్తాను, వినండి.

మే నెలలో మెమోరియల్ డేకి (చనిపోయిన సైనికుల్ని తలుచుకునే రోజు) ముందు శుక్రవారం పాపీ డే. ఎర్ర కాగితం పువ్వులు, కాడకి తీగ. చాలా చోట్ల ఆసుపత్రుల్లో ఉండే మాజీ సైనికులే చేస్తారు, చేతులకి వ్యాయామం, కాస్త డబ్బు కూడా. కిరాణా కొట్టు తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాం. పువ్వుకి ధర ఉండదు, ఎంతిస్తే అంత. వచ్చిన సొమ్ము వెటరన్లకే. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఫ్లాండర్స్ పొలాల్లో సమాధుల మధ్య పూసిన పువ్వులని దీనికొక చరిత్ర, 1920ల నుంచీ నడుస్తోంది. మొదటి గంటలో సిగ్గేస్తుంది, మనం ఎప్పుడూ చెయ్యి చాపలేదు కదా. తర్వాత అలవాటైపోతుంది.

నాకు మటుకు అన్నిటికంటే ఇష్టం డిసెంబర్‌లో గిఫ్ట్ షాప్. వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల ప్రభుత్వ శాఖ) ఆసుపత్రిలో ఒక గది నిండా బల్లలేసి, బొమ్మలు, స్వెట్టర్లు, చేతి తొడుగులు, పిల్లల పుస్తకాలు, పెర్‌ఫ్యూమ్ సీసాలు, అన్నీ కొత్తవి, షాపులో లాగే పరుస్తాం. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు వచ్చి తమ ఇంటివాళ్ళ కోసం ఎంచుకోవచ్చు. పైసా ఇవ్వక్కర్లేదు. మేం చుట్టి, పేరు రాసి, దూరమైతే పోస్టులో వేస్తాం. ఒక ముసలాయన చక్రాల కుర్చీలో వచ్చాడు. మనవరాలికి గ్లవ్స్ కావాలన్నాడు. ఊదావి ఒకటి, ఎర్రవి ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకటి తన చేతికి తొడిగి చూశాడు, వేళ్ళు పట్టలేదు. నా చెయ్యి అడిగి నాకు తొడిగాడు. లోపల ఉన్ని గుచ్చుకుంటోందా అని అడిగాడు. వెనక లైను పెరిగిపోతోంది, నేనేమీ అనలేదు. చివరికి ఎర్రవి తీసుకుని, చుట్టే కాగితం మాత్రం ఊదాది వెయ్యమన్నాడు. ఊరికే ఇస్తున్నారు కదా అని ఏదో ఒకటి పట్టుకుపోయే మనిషి ఒక్కరూ కనపడలేదు నాకు.

ప్రార్థన అయితే ఉంటుంది. నేను కళ్ళు మూసుకుని నా అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటాను. నన్నింతవరకు ఎవరూ అడగలేదు ఎవరికి పెట్టావని.

గోదారిగట్టు_నర్సమ్మ
నేను వెటరన్స్ ఆసుపత్రిలో నర్సుని (ఊరు చెప్పను). గిఫ్ట్ షాప్ రోజు మా వార్డులో గడ్డాలు గీయించుకోడానికి పోటీ అండి బాబూ. మామూలు రోజుల్లో నేను బతిమాలితే గానీ మంచం దిగని మారాజులు ఆ రోజు పొద్దున్నే తయారు.

ఇంకో ముక్క. చూడ్డానికి ఎవరూ రానివాళ్ళు ఉంటారు. వాలంటీర్లు వచ్చి పేకాట ఆడి వెళ్తారు, అంతే. అదే పెద్ద మందు. సీమ_బిడ్డ గారూ, మీరడిగారు చూడండి కార్డెందుకని, నిజానికి ఏ సంఘమూ లేకుండా నేరుగా ఆసుపత్రి వాలంటీర్ ఆఫీసుకి వెళ్ళి పేరివ్వొచ్చు. టెస్టులు, వేలిముద్రలు, చిన్న శిక్షణ ఉంటాయి. కాస్త ఓపిక పట్టాలి.

మా_పాప_జూనియర్
ఇందులో చేస్తే కాలేజీ అప్లికేషన్‌కి వాలంటీర్ అవర్స్ లెక్కలోకి వస్తాయా అండీ? మా పాప లెవెన్త్ గ్రేడ్.

వరంగల్_పోరడు
అచ్చిండ్రు. తెల్గోళ్ళ చర్చల ఈ ప్రశ్న రాకపోతే చర్చే కాదు 🙏

మల్లెపూలు_డేటన్
వస్తాయి. అయితే మీ పాపకి అంతకన్నా మంచిది గర్ల్స్ స్టేట్. ఆక్సిలరీయే నడుపుతుంది, 1937 నుంచి. లెవెన్త్ అయ్యాక వేసవిలో ఒక వారం, అమ్మాయిలే పార్టీలు పెట్టి, ఎన్నికలు జరిపి, గవర్నర్ని ఎన్నుకుంటారు. ఇంట్లో సైనికులు లేకపోయినా వెళ్ళొచ్చు. స్కూల్ కౌన్సిలర్‌ని ఇప్పుడే అడగండి, చాలా చోట్ల స్థానిక యూనిట్లే ఎంపిక చేసి ఖర్చు పెట్టుకుంటాయి. అబ్బాయిలకి లీజియన్ వాళ్ళ బాయ్స్ స్టేట్ అంతకు ముందు నుంచే ఉంది, 1935.

నిజం_చేదు
చూశారా, సేవ నుంచి రెజ్యూమెకి ఎంత త్వరగా వచ్చేశామో.

మా_పాప_జూనియర్
సార్ మీరు గుళ్ళో వడ్డించినప్పుడు ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టలేదా?

నిజం_చేదు
పెట్టాను. మూడు వందల లైకులు. ఒప్పుకున్నాను, వదిలెయ్యండి.

చరిత్ర_పిచ్చోడు
నిజం_చేదు గారు "ఎవరు మనవాళ్ళు" అన్నారు కదా, దానికి సరిగ్గా సరిపోయే కేసొకటి ఉంది. భగత్ సింగ్ థిండ్. పంజాబీ. 1918లో అమెరికా సైన్యంలో చేరి తలపాగాతోనే పనిచేశాడు, గౌరవంగా డిశ్చార్జి అయ్యాడు. పౌరసత్వం అడిగితే 1923లో సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కాదు, కుదరదు అంది. ఆ తీర్పు తర్వాత అంతకు ముందు పౌరులైన మనవాళ్ళలో కూడా కొందరికి పౌరసత్వం ఊడగొట్టారు. ఆ రోజుల్లో లీజియన్ ఆసియావాళ్ళ వలసలు ఆపాలని గట్టిగా అరిచిన సంఘాల్లో ఒకటి. ఇది దాచేదేం కాదు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1935లో మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఆసియావాళ్ళకి పౌరసత్వం ఇచ్చే చట్టం వచ్చింది. దాని కోసం తిరిగినవాడు టోకుటారో స్లోకమ్ అనే జపనీస్ అమెరికన్ మాజీ సైనికుడు. ఆయన లీజియన్ లోపలుండి లీజియన్ చేత, వీఎఫ్‌డబ్ల్యూ చేత ఆ బిల్లుకి మద్దతు ఇప్పించాడు. ఆ చట్టం వల్లే 1936లో థిండ్‌కి పౌరసత్వం వచ్చింది. బయట నిలబడి తిట్టినవాళ్ళ వల్ల కాలేదు, లోపలికెళ్ళి కూర్చున్నవాడి వల్ల అయింది.

నిజం_చేదు
థిండ్ సంగతి తెలుసు, స్లోకమ్ సంగతి తెలీదు. బాగుంది. అయినా నా మాట నాదే. లోపలికెళ్ళి పదిహేనేళ్ళు కూర్చునే ఓపిక ఉన్నవాడికి దండం. నాకు లేదు. నాలాంటివాళ్ళు నర్సమ్మ గారు చెప్పినట్టు నేరుగా ఆసుపత్రికి వెళ్తే సరిపోతుంది, మధ్యలో టోపీలు, బ్యాడ్జీలు, సెల్యూట్లు ఎందుకు?

ఎఫ్‌వన్_నుంచి_ఫోర్ట్‌దాకా
టోపీలు నాకూ నచ్చవు అన్నా. కానీ సంఘం లేకపోతే జరగని పని ఒకటుంది, అది చెప్పాలి.

నేను బయటికొచ్చినప్పుడు చెవిలో హోరు, నడుం నొప్పి, రాత్రుళ్ళు నిద్ర లేదు. వైకల్య పరిహారానికి అప్లై చెయ్యాలంటే కాగితాల కట్ట. అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి, మేం చేసిపెడతాం, వచ్చేదాంట్లో ఇన్ని నెలల సొమ్ము మాకివ్వండి అని. నేను ఇచ్చేసేవాణ్ణే. పక్క క్యూబికల్ ముసలాయన ఆపాడు. లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ, డీఏవీ (వైకల్యం వచ్చిన మాజీ సైనికుల సంఘం) లాంటి సంఘాల్లో సర్వీస్ ఆఫీసర్లు ఉంటారు, ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాళ్ళు, ఈ క్లెయిములు వేసిపెట్టినందుకు పైసా తీసుకోరు. ఆయన నన్ను అలాంటావిడ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ నా ఫైలు తిరగేసి, చెత్త తగలబెట్టే గుంటల పొగ పక్కన పనిచేశావా అని అడిగింది. నాకు అది రాయాలనే తట్టలేదు. 2022లో పాక్ట్ యాక్ట్ వచ్చాక ఆ పొగ వల్ల వచ్చే జబ్బుల జాబితా పెద్దదైంది. మనవాళ్ళలో సైన్యంలో పనిచేసి బయటికొచ్చిన పిల్లలు ఎవరున్నా ఈ ముక్క చెప్పండి, డబ్బిచ్చి ఎవరి చేతా క్లెయిమ్ వేయించుకోవద్దని.

ఇంకోటి. థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్ అంటే ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలీదు. ఒకసారి తెలుగు సంఘం ఉగాదికి స్టేజి ఎక్కించి శాలువా కప్పారు. శాలువా బాగుంది. కానీ కింద ఎవరూ ఏం చేశావు, ఎక్కడ చేశావు అని అడగలేదు, జీతమెంత, ఇప్పుడేం చేస్తున్నావు అన్నారు. మా పోస్టులో డెబ్భై అయిదేళ్ళ వియత్నాం ఆయన మాత్రం నెలకోసారి ఫోన్ చేస్తాడు. బాగున్నావా, నిద్ర పడుతోందా, అంతే. వాళ్ళు బడ్డీ చెక్ అంటారు. ఒక రాత్రి ఆ ఫోన్ సరైన టైముకే వచ్చింది. అంతకంటే రాయను. ఎవరికైనా అవసరమైతే 988 కొట్టి 1 నొక్కండి, మాజీ సైనికులకి వేరే లైను. ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యొచ్చు.

గోదారిగట్టు_నర్సమ్మ
తమ్ముడూ, ఆ నంబరు ఇక్కడ రాసినందుకు చాలా మంచి పని చేశావు. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే నాకూ మెసేజ్ పెట్టు. జీతం అడగను.

సీమ_బిడ్డ
ఉగాది శాలువా సంగతి మాత్రం నిజం. మా ఊరి సంఘంలో కూడా అంతే. శాలువా కప్పేది, ఫోటో తీసేది, భోజనాలకి పొయ్యేది.

పప్పుచారు_విస్కాన్సిన్
సీరియస్‌గా నడుస్తోంది, కాస్త తేలికపరుస్తా. శాకాహారులకి ఒక హెచ్చరిక. మా దగ్గర పోస్టుల్లో శుక్రవారం ఫిష్ ఫ్రై. శనివారం మీట్ రాఫెల్, అంటే టికెట్ కొంటే లాటరీలో మాంసం పళ్ళెం తగులుతుంది. నిధుల కోసం. మా ఆవిడ బ్రాహ్మల పిల్ల, మర్యాదకి ఒక టికెట్ కొంది. తగిలింది. రెండు కేజీల బేకన్ ఒళ్ళో పెట్టుకుని కారులో ఇంటిదాకా కళ్ళు మూసుకుని కూర్చుంది.

వరంగల్_పోరడు
ఆ బేకన్ ఏమైంది అన్నా?? మధ్యల ఆపకు

పప్పుచారు_విస్కాన్సిన్
పక్కింటివాళ్ళకిచ్చాం. వాళ్ళు అప్పటినుంచి మా డ్రైవ్‌వేలో మంచు తీస్తున్నారు.

రిటైర్డ్_హవల్దార్
అమ్మాయి దగ్గరికి వచ్చి ఉన్నాను, ఇది చదువుతుంటే రాయాలనిపించింది. మాది తాడేపల్లిగూడెం దగ్గర. పక్కనే మిలిటరీ మాధవరం, ఇంటికొక సైనికుడని పేరున్న ఊరు. మనకీ డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం ఉంది, 1949 నుంచి. స్కూల్లో చిన్న జెండా ఇచ్చి చిల్లర వసూలు చేసేవాళ్ళు, మీకందరికీ గుర్తుండే ఉంటుంది, ఎవరి కోసమో ఎంతమందికి తెలుసో మరి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఆసుపత్రులున్నాయి, పెన్షన్ ఉంది. ప్రభుత్వం చేసేది చేస్తుంది. కానీ ఇక్కడిలా ఊరివాళ్ళు, ఇంటివాళ్ళు కలిసి ఒక హాలు పెట్టుకుని వారం వారం కలవడం మా దగ్గర చూడలేదు. మా వాళ్ళం కలిసేది క్యాంటీన్ క్యూలోనే.

అల్లుడు నన్ను మెమోరియల్ డేకి శ్మశానానికి తీసుకెళ్ళాడు. పిల్లలు వరసల వెంట పరిగెడుతూ ప్రతి రాయి దగ్గరా చిన్న జెండా గుచ్చుతున్నారు. ఒక పిల్లవాడు నాకూ ఓ కట్ట ఇచ్చాడు. నేను వేరే దేశపు సిపాయిని కదా అనిపించింది, అయినా గుచ్చాను. రాయి మీద పుట్టిన తేదీ, పోయిన తేదీ చూస్తే పందొమ్మిదేళ్ళు.

గుంటూరుకారం_ఒహాయో
హవల్దారు గారూ, మీరు రాసిందాంట్లో ఆ చివరి లైను మా అమ్మకి చదవలేదు. మిగతాదంతా చదివాను.

మనసాగని_తల్లి
నేనిక్కడ ఎప్పుడూ రాయను, చదువుతానంతే. మా అమ్మాయి మెరైన్స్‌లో చేరింది, ఇప్పుడు సౌత్ కరోలినాలో, ప్యారిస్ ఐలాండ్‌లో ట్రైనింగ్. మా బంధువుల్లో ఎవరికీ చెప్పలేదు. మావారు ఇండియా ఫోన్ వస్తే "మాస్టర్స్ చేస్తోంది" అంటున్నారు. ఉత్తరాలు తప్ప ఫోన్ లేదు. మీరంతా సంఘాలు, పువ్వులు అంటున్నారు, నాకు మా పిల్ల గురించి మాట్లాడ్డానికి ఒక్క మనిషి దొరికితే చాలు. అలాంటిదేమైనా ఉందా?

మల్లెపూలు_డేటన్
ఉందండీ. బ్లూ స్టార్ మదర్స్ అని, 1942లో మిషిగన్ ఫ్లింట్‌లో మొదలైంది. అచ్చంగా తల్లులది. పిల్లలు ఎక్కడున్నారో, ఉత్తరం ఎందుకు రాలేదో, ఈ మాటలే. పార్సెళ్ళు కడతారు, మాట్లాడుకుంటూ కడతారు. మీ ఊరు నాకు మెసేజ్‌లో చెప్పండి, దగ్గర్లో శాఖ ఉందేమో చూస్తాను.

మీ కిటికీలో నక్షత్రం బ్యానర్ పెట్టండి. అది 1917 నుంచి ఉంది, ఇద్దరు కొడుకుల్ని యుద్ధానికి పంపిన ఒహాయో కెప్టెన్ ఒకాయన తయారుచేశాడు. ఇండియావాళ్ళకి చెప్పడం మానడం మీ ఇష్టం, మీ వీధికి మాత్రం తెలియనివ్వండి.

ఎఫ్‌వన్_నుంచి_ఫోర్ట్‌దాకా
అక్కా, ఉత్తరాలు రోజూ రాయండి. ఏం రాయాలో తెలీకపోతే కూర ఏం వండారో రాయండి. మెయిల్ కాల్‌లో, అంటే ఉత్తరాలు పంచేటప్పుడు, పేరు పిలిస్తే చాలు. తినేవి మాత్రం పంపకండి, అందరి ముందూ ఇబ్బంది పడుతుంది.

మనసాగని_తల్లి
ఇవాళ గోంగూర. రాస్తాను.

గుంటూరుకారం_గారి_ఆవిడ
నేనే. అకౌంటు ఇప్పుడే తెరిచాను. ఈయన రాసిన దాంట్లో ఒక సవరణ, కాఫీ తెమ్మన్నది అత్తయ్య కాదు, నేను.

మనసాగని_తల్లి గారూ, మావాడు చేరినప్పుడు ఈయన రెండు నెలలు వాడితో మాట్లాడలేదు. ఇప్పుడు టోపీ కోసం తిరుగుతున్నారు. మీవారికి కూడా టైమివ్వండి.

ఆక్సిలరీలో మాకిచ్చిన మొదటి పని పాత జెండాలు పోగుచేయడం. చిరిగి రంగు వెలిసినవన్నీ ఒక డబ్బాలో వేస్తారు, జూన్ 14 ఫ్లాగ్ డే నాడు మర్యాదగా కాలుస్తారట. అత్తయ్య హడలిపోయింది, జెండా కాలుస్తారా అని. మన ఇండియా జెండా నిబంధనల్లో కూడా చిరిగిన జెండాని ఏకాంతంగా కాల్చమనే ఉందని మా అమ్మాయి ఫోన్‌లో చూపించాక శాంతించింది. ఇప్పుడు ఆ డబ్బాలో జెండాలన్నీ మడతపెట్టి సర్దే పని ఆవిడే తీసుకుంది, పట్టుచీరల్లా మడతపెడుతోంది, ఎవరూ ఏమీ అనలేదు.

నిజం_చేదు
అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి. అమెరికన్లు త్రికోణంగా మడతపెడతారు అది కూడా చెప్పండి.

గుంటూరుకారం_గారి_ఆవిడ
చెప్పాను. "నలిగిన జెండాకి త్రికోణమైతేనేం చతురస్రమైతేనేం" అంది.

గుంటూరుకారం_ఒహాయో
వీఎఫ్‌డబ్ల్యూ వాళ్ళకి ఫోన్ చేశాను. మావాడు కొరియాలో ఉన్నట్టు ఋజువు కాగితం కావాలన్నారు. వాడికి మెసేజ్ పెడితే "నాన్నా, నువ్వా?" అని నవ్వే బొమ్మలు పంపాడు. ఈలోగా ఖాళీగా కూర్చోలేను. ఈ డీఏవీ అన్నారు కదా పైన, దాంట్లో నాకేమైనా పనుందా? డ్రైవింగ్ బాగా వచ్చు, రాత్రుళ్ళు కూడా.

గోదారిగట్టు_నర్సమ్మ
బోలెడంత ఉంది. ఆసుపత్రికి రాలేని వెటరన్లని ఇంటి దగ్గర ఎక్కించుకొచ్చి మళ్ళీ దించడానికి డీఏవీ వ్యాన్లు నడుస్తాయి, 1987 నుంచి. నడిపేదంతా వాలంటీర్లే. వ్యాను వాళ్ళదే, పెట్రోలు మీరు పోయక్కర్లేదు. మీరెవరి తండ్రో ఎవరి కొడుకో అడగరు. లైసెన్సు, ఇన్సూరెన్సు, పాత రికార్డు చూస్తారు, ఆసుపత్రిలోనే వైద్య పరీక్ష చేస్తారు. మోకాలు ఎనభై అన్నారు, అది డాక్టరుతో చెప్పండి. ఒకటే కండిషను, పొద్దున్నే అయిదింటికి లేవాలి. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకి ఎనిమిదింటి అపాయింట్‌మెంట్లుంటాయి.

గుంటూరుకారం_గారి_ఆవిడ
అయిదింటికా. ఈయనా.

పప్పుచారు_విస్కాన్సిన్
మా మామగారు నడుపుతారు అది. రిటైరయ్యాక ఇంట్లో న్యూస్ చానల్ పెట్టి అందర్నీ చంపేవారు. ఇప్పుడు వ్యాన్‌లో కొరియా యుద్ధం నాటి ముసలాయన ఒకాయనతో చర్చలు. ఇద్దరికీ చెవులు వినపడవు, ఇద్దరికీ మంచి కాలక్షేపం.

సీమ_బిడ్డ
నేను టెక్సాస్‌లో ఉండా. ఇంట్లో ఎవరూ సైన్యంలో లేరు. వ్యాను నడపల్ల అనుకుంటే ఎవరికి ఫోన్ చెయ్యాల?

గోదారిగట్టు_నర్సమ్మ
మీకు దగ్గర్లో ఉన్న వీఏ ఆసుపత్రికి చేసి, డీఏవీ హాస్పిటల్ సర్వీస్ కోఆర్డినేటర్ కావాలని అడగండి. సోమవారం పొద్దున చెయ్యొద్దు, ఆ రోజు వ్యాన్ల గొడవలో తల ఎత్తరు. మంగళవారం పదింటి తర్వాత చెయ్యండి.